అక్క చేతుల వీడియోలు

నేను చేసే పని ఏమిటని మా ఊళ్లో ఎవరైనా అడిగితే కంప్యూటర్ పని అని ఊరుకుంటాను. అంతకు మించి చెప్పబోతే వాళ్లు ఫోన్లు తెచ్చి బాగుచేయమంటారు. నిజానికి పని చిన్నదే. చెన్నైలో ఒక కంపెనీ వీడియోలను కుదించే ప్రోగ్రాం ఒకటి తయారుచేస్తోంది. దానికి బొమ్మలూ బటన్లూ ఏవీ ఉండవు. నల్లటి తెర మీద ఒక లైను టైపు చేయాలి. ఏ వీడియో తీసుకోవాలో, దాన్ని ఎంత చిన్నది చేయాలో, ఎక్కడ పెట్టాలో ఆ లైనులోనే చెప్పాలి. ఎంటర్ కొడితే కంప్యూటర్ ఫ్యాను గట్టిగా తిరగడం మొదలవుతుంది, కాసేపటికి కొత్త వీడియో తయారవుతుంది. వాళ్లు ప్రోగ్రాంలో ఏ చిన్న మార్పు చేసినా, నేను పరీక్ష వీడియోలన్నింటినీ మళ్లీ దానిలో వేసి, ముందటికన్నా మెరుగయ్యాయా, చెడిపోయాయా చూసి చెప్పాలి. విడవలూరులో మా ఇంటి మేడగదిలో కూర్చుని ఈ పని చేస్తాను. కరెంటు పోతే ఆగుతాను, వస్తే మొదలుపెడతాను.

కంపెనీ వాళ్లిచ్చిన పరీక్ష వీడియోలు ఎక్కడివో నాకు తెలియదు. ఏదో చలిదేశంలో రోడ్డు మీద నడిచే మనుషులు, చెరువులోంచి లేచే బాతులు, బంతాట. రోజూ చూసి చూసి విసుగొచ్చి, నేను సొంతంగా కొన్ని తీశాను. సముద్రపు ఒడ్డున అల విరిగేటప్పటి నురగ, కోతకొచ్చిన వరిమడి మీద గాలి, రొయ్యల గుంటలో నీళ్లు చిమ్మే ఏరియేటర్ల చక్రాలు. ఈ మూడూ ప్రోగ్రాంని ముప్పుతిప్పలు పెట్టేవి. ఎందుకంటే అది ప్రతి బొమ్మనూ పూర్తిగా దాచుకోదు. ఒక బొమ్మను దాచి, ఆ తర్వాత ఎక్కడెక్కడ ఏం మారిందో అది మాత్రమే రాసుకుంటుంది. నురగలో అంతా మారుతూనే ఉంటుంది. ఉన్న కాస్త చోటూ దానికే సరిపోక, బొమ్మ ముక్కలు ముక్కలుగా చెదిరిపోతుంది. చెన్నైలో మా టీమ్ లీడర్ ఆ వీడియోలు చూసి, మీ ఊరి గాలి మా ప్రోగ్రాంకి పడదమ్మా అన్నారు.

ఈ పనికీ మా అక్క పెళ్లికీ సంబంధం ఉంటుందని నేను అనుకోలేదు.

అక్క నాకన్నా మూడేళ్లు పెద్ద. పసితనంలో జ్వరమొచ్చి వినికిడి పోయింది. నెల్లూరులో బధిరుల పాఠశాల హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివింది. సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా కొత్త సైగలు తెచ్చేది. మాకు అప్పటికే ఇంటి సైగలు కొన్ని ఉండేవి. నాయనకు మీసం, అమ్మకు ముక్కుపుడక, నాకు రెండు జడలు. ఆ జడలు ఎప్పుడో పోయినా ఇప్పటికీ నన్ను అలాగే పిలుస్తుంది. చదువయ్యాక కుట్టుపని నేర్చుకుని ముందుగదిలో మిషను పెట్టుకుంది. చర్చికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది జాకెట్లు అక్క కుట్టినవే.

సంబంధం చర్చి పెద్ద ఒకాయన ద్వారా వచ్చింది. అబ్బాయిది దొరవారిసత్రం. వాళ్లూ మా సంఘం వాళ్లే, సేద్యం కుటుంబం. అతనికి పుట్టుకతోనే వినపడదు. చదువు చిన్నప్పుడే మానేశాడు. కాలిపోయిన మోటర్లకు రాగి వైరు చుట్టే షాపు పెట్టుకుని ఉన్నాడు. అమ్మానాన్నలు లేరు, అన్నే పెంచాడు. ఆ అన్నతో కలిసి మా ఇంటికి చూపులకు వచ్చిన రోజు మాకు భలే గమ్మత్తుగా అనిపించింది. అందరం కూర్చుని ఏం మాట్లాడాలో తెలియక నీళ్లు నములుతుంటే, వాళ్లిద్దరూ మాత్రం చేతులతో కబుర్లలో పడి మమ్మల్ని మర్చిపోయారు. అతని సైగలు కొన్ని అక్కకు కొత్త. ఒకటికి రెండుసార్లు చేయించుకుని చూసింది. అమ్మ ఇచ్చిన కాఫీ అతను చల్లారిపోయాక తాగాడు.

రెండు వైపులా సరే అనుకున్నారు. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక వీడియో కాల్. అతనికి తెలుగు చదవడం కూడబలుక్కుంటే గానీ రాదు, అందుకని మెసేజీలతో పని జరగదు. షాపు లోపల సిగ్నల్ సరిగా ఉండేది కాదు. వెనక వేపచెట్టు కింద మంచం వేసుకుని కూర్చునేవాడు. అక్క మిషను ముందు స్టూలు మీద ఫోన్ నిలబెట్టుకునేది. తనకు తెలియని సైగలుంటే మళ్లీ చూసుకోవడానికి కాల్‌ని ఫోన్లోనే రికార్డు చేసుకునేది కూడా. ఆ ముందుగదిలోంచి ఒక్కోసారి నవ్వు వినిపించేది. అక్క నవ్వు కొంచెం గట్టిగా ఉంటుంది, తనకు తెలియదు.

ఒక వారం ఆ నవ్వు వినపడలేదు. నేను గమనించాను గానీ పట్టించుకోలేదు. పండగకు జాకెట్లు ఎక్కువ వచ్చినట్టున్నాయి అనుకున్నాను. ఆ వారం చివర్లో అబ్బాయి వాళ్ల అన్న నాయనకు ఫోన్ చేశాడు. నాయన అప్పుడే రొయ్యల గుంటల దగ్గర్నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. నన్ను స్పీకర్ పెట్టమన్నారు.

"మీ అమ్మాయికి మావాడు నచ్చకపోతే మొహమాటం లేకుండా చెప్పండి పెద్దాయనా," అన్నాడు ఆయన. కోపంగా ఏం అనలేదు, అలసిపోయినట్టు అన్నాడు. "వాడు రోజూ ఫోన్ పట్టుకొని కూర్చుంటా ఉండాడు. ఆ పాప ఎత్తడం లేదు. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు వీడు."

"నచ్చకపోవడం ఏంది నాయనా. మాకేం తెలవదే. కనుక్కొని చెప్తా," అన్నారు నాయన.

ఫోన్ పెట్టేసి తడికాళ్లతోనే ముందుగదిలోకి వెళ్లారు. నాయనకు సైగలు అంతంత మాత్రం. ముఖ్యమైన మాటలకు నేనే మధ్యలో ఉండాలి. అక్క మిషను ఆపకుండానే చెప్పింది, ఒంటిచేత్తో. నేను వద్దనలేదు. అతనే వద్దన్నాడు, అని.

అడిగి అడిగి రాబడితే జరిగింది ఇది. ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమదినాలు మొదలైతే శుభకార్యాలు చేయరు కాబట్టి ప్రధానం, అంటే నిశ్చితార్థం, అంతకుముందే జరిపించి, పెళ్లి ఈస్టరు తర్వాత పెట్టుకుందామని నాయన అనుకుంటున్నారు. అక్క ఆ మాట కాల్‌లో అతనికి చెప్పి, నువ్వేమంటావు అని అడిగింది. అతను అరచెయ్యి ఎత్తి అక్క వైపు చూపించాడు. ఆ తర్వాత బొమ్మ ఆగిపోయింది, కాల్ తెగిపోయింది.

అరచెయ్యి అలా ఎత్తి కదలకుండా పెడితే వాళ్ల సైగల్లో చాలు, ఇక వద్దు అని అర్థం. అదే అరచెయ్యి ఎత్తి వేళ్లు ఆడిస్తే ఆగు, ఒక్క నిమిషం అని. అక్క చూసినప్పుడు వేళ్లు ఆడలేదు.

నాయన మెల్లగా గోడకానుకుని కూర్చున్నారు. ఆ మాట వాళ్లన్నకు ఎట్టా తెలియకుండా ఉంటుంది, వాడే వద్దంటే ఫోన్ పట్టుకుని ఎందుకు కూర్చుంటాడు అని అడగమన్నారు. అడిగాను. అక్క భుజాలెగరేసింది. బాధపడుతున్నాడేమో, క్షమించమని అడగడానికి చేస్తున్నాడేమో, నాకు ఆ క్షమాపణ అవసరం లేదు అంది. ఆ మాట చెప్పేటప్పుడు మిషను ఆపింది.

ఆ కాల్ రికార్డు ఉందా అని అడిగాను. ఫోన్ తీసి నా ఒళ్లో పడేసి, మళ్లీ జాకెట్టు అందుకుంది.

మా ప్రోగ్రాంతో వీడియోను కుదించడమే కాదు, విడి ఫొటోలుగా విడగొట్టవచ్చు కూడా. ఒక లైను టైపు చేస్తే చాలు, ఒక్కో క్షణానికీ ఎన్ని బొమ్మలుంటే అన్నీ వరుసగా వచ్చి ఒక ఫోల్డర్లో కూర్చుంటాయి. ఆ చివరి కొన్ని క్షణాలను అలా విడగొట్టి మేడమీద కూర్చుని ఒక్కొక్కటే చూశాను. అతని ముఖం మసగ్గా ఉంది. వెనక వేపాకులు ఊగుతూ, చెదురుతూ ఉన్నాయి. చెయ్యి పైకి లేస్తోంది. ఆ తర్వాత ఎన్ని ఫొటోలు దాటినా చెయ్యి అలాగే ఉంది, ఆకులూ అలాగే ఉన్నాయి. ఒక్క ఆకు కూడా కదలలేదు. అంటే గాలి ఆగిపోలేదు, బొమ్మలు రావడం ఆగిపోయింది. ఒకే బొమ్మను ఫోన్ మళ్లీ మళ్లీ చూపించింది. ఆ ఒక్క బొమ్మలో కూడా వేళ్లు విడివిడిగా లేవు. ఐదు వేళ్లూ కలిసిపోయి అట్లకాడలా ఉన్నాయి.

కిందికి వచ్చి ఇదంతా అక్కకు చెప్పాను. అక్క ఒప్పుకోలేదు. చెయ్యి కనపడుతోంది కదా అంది. కనపడుతోంది గానీ కదలిక కనపడటం లేదని నేనంటే, కదలికే లేనప్పుడు ఎలా కనపడుతుందని అడిగింది. నీకు ఈ సంబంధం కుదరాలని ఉంది, అందుకే నీకు అలా అనిపిస్తోంది అని కూడా అంది. నాకు కుదరాలని ఉన్న మాట నిజమే. అందుకే వాదన పెంచలేదు.

మర్నాడు పొద్దున పని మొదలుపెట్టబోతూ, ఇది మాటల్లో తేలేది కాదు, పరీక్ష పెట్టి చూపించాలి అనుకున్నాను. నాకు తెలిసిన పని అదొక్కటే. అక్కను మేడ మీదికి రమ్మన్నాను. మెడలో కొలతల టేపుతోనే వచ్చింది. ఎందుకో దాచకుండా చెప్పాను. రానని వెనక్కి తిరిగింది. వెనకే అమ్మ మెట్లెక్కి వచ్చి, ఒకసారి నిలబడితే నీ సొమ్మేం పోతుంది అన్నట్టు చెయ్యి తిప్పింది. అక్క నిలబడింది.

మా మేడ వెనక సరుగుడు తోపు. గాలికి అది ఒక్క క్షణం ఊరుకోదు. అతని వేపచెట్టు లాగే ఉంటుందని అక్కను కావాలనే దాని ముందు నిలబెట్టాను. చాలు, ఆగు, ఈ రెండు సైగలూ నీకిష్టమొచ్చిన వరుసలో కలిపి చెయ్యి, నాకు చెప్పొద్దు అన్నాను. అక్క మొదట విసురుగా చేసింది. తర్వాత కొంచెం ఆటలా అనిపించిందేమో, వరుస మారుస్తూ చాలాసేపు చేసింది.

ఆ వీడియోను కంప్యూటర్లో వేశాను. సన్నటి సిగ్నల్లో కాల్ వెళ్లేటప్పుడు ఏం జరుగుతుందో అదే జరిగేలా లైను టైపు చేశాను. చోటు బాగా తగ్గించి, మధ్యలో బొమ్మలు కొన్ని వదిలేయమని చెప్పాను. ఫ్యాను కాసేపు తిరిగింది. వీడియో వచ్చింది, దానితోపాటు ఎంత బాగుందో చెప్పే మార్కు కూడా వచ్చింది. అది మా ప్రోగ్రాం అలవాటు, పాత బొమ్మతో కొత్త బొమ్మను పోల్చి తనంతట తనే మార్కు వేస్తుంది. మార్కు ఫరవాలేదు. నేను ఆఫీసుకు పంపే నివేదికలో అయితే అలాంటి మార్కు మీద ఏమీ రాయకుండా దాటేసేదాన్నే. మామూలుగా నేను చూసేది ఆ మార్కునే, ప్రతి వీడియోనూ కూర్చుని చూడటం కుదరదు.

లాప్‌టాప్ అక్క వైపు తిప్పాను. ఏది చాలు, ఏది ఆగు చెప్పమన్నాను. ఒక్కొక్కటే చెప్పింది. మొదటిది చాలు. రెండోది చాలు. తర్వాతది ఆగు. తర్వాత కొంచెం తడబడి, చాలు. అన్నీ అయ్యాక అసలు వీడియో పక్కన పెట్టి చూపించాను. సగానికి పైగా తప్పు చెప్పింది. ఆగు అని తను చేసినవాటిలో దాదాపు అన్నీ చాలు లాగే కనపడ్డాయి.

నేను ఏదో మాయ చేశానని అనుకుంది. లాప్‌టాప్ తన ఒళ్లోకి లాక్కుని మొదట్నుంచి మళ్లీ చూసింది. ఒకచోట ఆపి, తెర మీద తన చేతినే వేలితో తాకి చూసింది. అలా ఎంతసేపు చూసిందో. అమ్మ కిందికి వెళ్లిపోయింది. చివరికి నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా చెప్పింది.

"నేనేం చెప్పానో నాకే తెలియడం లేదు."

నేను వెంటనే, అయితే అతను ఆగు అనే అన్నాడు కదా అన్నాను. అక్క తల అడ్డంగా ఊపింది. అదీ తెలియదు కదా అంది. నిజమే. ఆ పరీక్ష వల్ల తేలింది అతనేం అన్నాడో కాదు. అక్క చూసినదాన్ని నమ్మడానికి లేదని మాత్రమే తేలింది.

నాయన వాళ్లన్నకు ఫోన్ చేసి అడుగుతానన్నారు. అక్క వద్దంది. ఇంకొకరి నోటితో అడగను, ఫోన్లోనూ అడగను, ఎదురుగా కూర్చుని అడుగుతాను అంది. నాయన ఇబ్బంది పడ్డారు. ప్రధానం కాకుండానే ఆడపిల్లను వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్తే ఏమనుకుంటారోనని. మా ఇంట్లో ఇలాంటివి తేల్చేది అమ్మే.

"తెలవని మాట అడిగేదానికి పొయ్యేది తప్పేంది?" అంది. "పొయ్యి రాండి. ఊరకే పోవద్దండి, నాలుగు రొయ్యలు తీసుకుపోండి."

నెల్లూరు దాకా బస్సు, అక్కడ్నుంచి ప్యాసింజరు. అక్క దారిపొడుగునా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. రొయ్యల బాక్సు నాయన కాళ్ల మధ్య ఉంది, ఐసు కరిగి చెప్పులు తడుస్తున్నాయి. గూడూరు దాటాక అక్క ఒకసారి నా మోకాలు తట్టి, అతను నిజంగానే వద్దనుంటే నువ్వేమీ మాట్లాడొద్దు, లేచి వచ్చేద్దాం అని చెప్పింది. సరేనన్నాను.

ముందుగా చెప్పి వెళ్లలేదు. స్టేషన్ బయట అడిగితే మోటర్ల షాపు ఎవరైనా చూపిస్తారు. మేము వెళ్లేసరికి అతను కింద కూర్చుని మోటరు లోపలికి వైరు ఎక్కిస్తున్నాడు. నీడ పడేసరికి తలెత్తాడు. అక్కను చూసి లేచి నిలబడ్డాడు. చేతిలో వైరు అలాగే ఉంది, చుట్ట విప్పుకుంటూ నేల మీద పడిపోతోంది. రెండు చేతులకూ గ్రీజు. మాట్లాడాలంటే చేతులు కావాలి కదా, పక్కనున్న గుడ్డతో తుడుచుకోవడానికి తొందరపడ్డాడు.

అక్క ఆగలేదు. నేను ఆ రోజు ఏం అడిగాను, నువ్వు ఏం చెప్పావు, అని నిలబడే అడిగింది.

అతనికి మొదట అర్థం కాలేదు. ఏ రోజు అన్నాడు. అక్క ప్రధానం మాట చెప్పింది. అప్పుడు గుర్తొచ్చింది. చేతులు గబగబా కదిలాయి, నాకు అందలేదు. అక్క నాకు చెప్పాక నేను నాయనకు చెప్పాను. ఆ రోజు అక్క అడుగుతుండగానే ఒక రైతు బండి మీద మోటరు వేసుకుని వచ్చి వెనకనుంచి భుజం తట్టాడట. బండి ఒరిగిపోతోందట. ఒక్క నిమిషం ఆగమని అక్కకు చెప్పి, పరుగెత్తి పట్టుకున్నాడట. తిరిగి వచ్చేసరికి కాల్ లేదు. మళ్లీ చేస్తే అక్క కట్ చేసింది. అంత ముఖ్యమైన మాట మధ్యలో వదిలి వెళ్లినందుకు కోపమొచ్చిందనుకున్నాడు. రోజులు గడిచాక, కోపం కాదు, ఇష్టమే లేదు అనుకున్నాడు.

ఎందుకు రాలేదు మరి, అని అక్క అడిగింది. వద్దన్న ఇంటికి ఎలా వచ్చేది అన్నాడతను. నువ్వెందుకు అడగలేదు అని తిరిగి అడిగాడు. అక్క కింద పడ్డ వైరు చూపించి, ముందు అది తీసుకో, తొక్కుతున్నావు అంది.

ఈలోగా పొలం నుంచి వాళ్లన్న వచ్చాడు. ఆయనకు జరిగింది చెప్పేముందు నాయన నన్ను కొంచెం పక్కకు తీసుకెళ్లారు.

"ఆ పిల్లోడు చెప్పింది నిజమేనంటావా?" అని మెల్లగా అడిగారు.

"వీడియోలో అయితే తెలియదు నాయనా. అక్క నమ్మింది."

నాయన ఒకసారి వాళ్ల వైపు చూశారు. అక్క స్టూలు మీద కూర్చుని ఉంది. అతను ఎదురుగా గొంతుక్కూర్చుని, బండి ఎలా ఒరిగిందో, రైతు ఎలా అరిచుంటాడో చేసి చూపిస్తున్నాడు. అక్కకు నవ్వొచ్చింది, ఆ గట్టి నవ్వే.

"అయితే సరే," అన్నారు నాయన. వెళ్లి రొయ్యల బాక్సు వాళ్లన్న చేతికిచ్చారు.

అక్క అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదని భోజనాల దగ్గర గుర్తొచ్చింది. మళ్లీ అడిగింది. అతను అన్న వైపు చూడకుండానే తలూపాడు. ప్రధానం శ్రమదినాలకు ముందే, మా చర్చిలో. మిగతావి పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు.

బయల్దేరేముందు నేను షాపు వెనక్కి వెళ్లి అతను కూర్చునే చోటు చూశాను. మంచం తీసి షాపు పక్కగోడ దగ్గర వేయమన్నాను. సున్నం కొట్టిన గోడ, మీద ఏమీ లేదు. సిగ్నల్ చూస్తే అక్కడా వేపచెట్టు కింద ఉన్నంతే ఉంది. ఆకులు ఊగుతుంటే ఉన్న కాస్త చోటూ ఆకులే తినేస్తాయని, వేళ్లకు మిగలదని అక్క చేత చెప్పించాను. గళ్ల చొక్కా కాకుండా ముదురు రంగుది వేసుకోమని కూడా. అతను అన్నీ శ్రద్ధగా చూసి, ఈమె కంప్యూటర్ ఇంజనీరా, సినిమా డైరెక్టరా అని అక్కను అడిగాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు నాకు అదే పని అయింది. సిగ్నల్ మరీ బాగాలేని రోజు అక్క కాల్ చేయకుండా చెప్పాల్సింది రికార్డు చేసి నాకిచ్చేది, నేను కుదించి పంపేదాన్ని. ఎలా కుదిస్తే మంచిదో తెలియక ఒకే వీడియోను రకరకాలుగా చేసి అక్కకు చూపించేదాన్ని. నేను ముందు బొమ్మ పెద్దగా, స్పష్టంగా ఉండాలని చూసుకున్నాను. అవే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాయి. అక్క వాటిని పక్కన పెట్టింది. బొమ్మ చిన్నదై, ముఖం మసకైనా సరే, మధ్యలో బొమ్మలు వదలకుండా కదలిక మొత్తం ఉన్నదాన్నే ఎంచుకుంది. దానికి ప్రోగ్రాం ఇచ్చిన మార్కు తక్కువ. రెండు మూడు వీడియోలతో చూశాం, ప్రతిసారీ అంతే.

ఇది ఆఫీసుకు రాసి పంపాను. టీమ్ లీడర్ ఫోన్ చేశారు. మార్కు బొమ్మ మొత్తానికి వేస్తున్నాం, సైగలు చూసేవాళ్లకు కావలసింది చేతులు మాత్రమే, ఇంకొన్ని వీడియోలుంటే సరిగ్గా తేలుతుంది అన్నారు. మీ అక్కగారు ఒప్పుకుంటేనే వాడదాం, ఆవిడనే అడగండి అన్నారు. అక్కను అడిగితే మొదట మేడమీద తీసిన వీడియో చూపించమంది. చూసి ముఖం చిట్లించింది. ఈ పాత నైటీతో, మెడలో టేపుతో నన్ను ఎవరికీ చూపించొద్దు, మళ్లీ తీయి అంది. ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చి గోడ ముందు నిలబడి, జాకెట్టుకు చెయ్యి ఎలా కత్తిరించాలో మొదట్నుంచి చివరిదాకా చెప్పింది. ఇప్పుడు చెన్నైలో బాతుల వీడియో పక్కనే ఆ వీడియో ఉంది. ప్రోగ్రాం మారినప్పుడల్లా అక్క చేతులను కూడా కుదించి చూస్తున్నారు.

మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదివారు. ఈస్టరు తర్వాత పెళ్లి జరిగింది. పాస్టరు గారి పక్కన నేను నిలబడి ఆయన చెప్పే ప్రతి మాటనూ సైగల్లో వాళ్లకు చెప్పాను. కుట్టుపని సైగలు నాకు బాగా వచ్చు గానీ ప్రమాణాల మాటలు కొత్త. వారం రోజులు అక్కే నాకు నేర్పింది, తన పెళ్లి ప్రమాణాలు తనే. నీవు ఈమెను భార్యగా స్వీకరించుచున్నావా అని పాస్టరు గారు అడిగారు. అతను చేత్తో జవాబు చెప్పాడు. వెనక వరుసల్లో వాళ్లకు కనపడలేదని ఎవరో అంటే, పాస్టరు గారు నవ్వి, కొంచెం పైకెత్తి చెప్పు నాయనా అన్నారు. నేను అది కూడా సైగ చేశాను. అతను రెండో మారు చెయ్యి తలపైకి ఎత్తి చెప్పాడు. అక్క కూడా ఎత్తే చెప్పింది.

కెమెరాను స్టాండు మీద పెట్టేసి వదిలేశాను కాబట్టి ఆ వీడియోలో అన్నీ అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఎవరిదో తల సగం తెరను మూసేసింది. అయినా చేతులు పైకెత్తినప్పుడు ఆ తల మీదుగా రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. బంధువులందరి ఫోన్లకూ వెళ్లేలా చిన్నది చేసి పంపాను. అమ్మ ఆ ముక్క ఎన్నిసార్లు చూసిందో. దాన్ని మాత్రం కుదించొద్దు, అసలుది అలాగే నా ఫోన్లో పెట్టు అంది. ఫోన్లో చోటు లేకపోతే పాటలు తీసేయమంది.

అక్క ఇప్పుడు దొరవారిసత్రంలో ఉంటుంది. మిషను కూడా తీసుకెళ్లి, షాపులో సగం తనదని పరదా కట్టింది. ఇటువైపు మోటర్లు, అటువైపు జాకెట్లు. నేను అప్పుడప్పుడు లాప్‌టాప్ పట్టుకుని వెళ్లి వాళ్ల దగ్గర్నుంచే పని చేస్తాను. ఒకసారి అలా వెళ్లినప్పుడు బావ నా తెర వైపు చాలాసేపు చూసి, ఇది కుదించలేనిది ఏదైనా ఉందా అని అక్క ద్వారా అడిగాడు. నురగ, వరిమడి, ఏరియేటర్లు అని చెప్పాను. అతను కొంచెం ఆలోచించి, తను చేసే పనిని వీడియో తీసుకోమన్నాడు. కొత్త రాగి వైరు చుట్ట తీసి ఎండలోకి జరిగి మోటరుకు చుట్టడం మొదలుపెట్టాడు. వెంట్రుకంత సన్నటి వరుసలు, ప్రతి వరుసా మెరుస్తూ, చెయ్యి కదిలినప్పుడల్లా మెరుపు పక్కకు జరుగుతూ ఉంది. తీసి ప్రోగ్రాంలో వేస్తే ఏ లైను టైపు చేసినా రాగి అంతా ఒకే ముద్దగా, నారింజరంగు మరకలా వచ్చింది. చూపించాను. బావ తృప్తిగా తలాడించి, మా ఆఫీసు వాళ్లకు చెప్పి బాగుచేయించమన్నాడు.

ఆ వీడియోను కూడా చెన్నైకి పంపాను. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాన్ని వేసి చూస్తాను. పోయిన నెల వచ్చినదానిలో పైవరుసలు నాలుగైదు విడివిడిగా కనిపించాయి. బావకు పంపితే, లోపలివి ఎప్పుడు అని అడిగాడు.